పేతురు పక్కన కోడిపుంజు

ఆదివారం పూజ కాగానే వాల్‌బుర్గా బీరుకొట్టులో మూలబల్ల చుట్టూ చేరడం మైన్ నది ఒడ్డున ఆ ఊరి మగాళ్లకి అలవాటు. ఆవేళ ఫాదరుగారూ వచ్చారు. ఏసు ఎవరో ఎరగనని పేతురు మూడోసారి బొంకగానే కూసిన కోడిపుంజు ఉంది కదా, గుడిలో ఆయన విగ్రహం కాళ్ల దగ్గరి ఆ పుంజుని పురుగు తినేసింది. కొత్తది ఎవరిచేత చెక్కించాలో ఆయన తేల్చాలి. మూడేళ్లుగా సమాధుల మీది శిలువలు తప్ప మరో పని దొరకని శిల్పి కిలియాన్ నోరు మూసుకుని కూర్చోగలడా?

"పుంజంటే గుర్తొచ్చింది ఫాదర్. ఆ మధ్య లిండెను చెక్కతో ఓ పుంజుని చెక్కి, రంగు ఆరడానికి పెరట్లో పెట్టానా, పక్కింటి పెట్ట వచ్చి దాని పక్కనే కూర్చుంది."

"కూర్చుంటుంది, దానికేం," అన్నాడు కసాయి ఓట్మార్.

"ఒక్కటైతే సరే! మర్నాటికి ఊళ్లో పెట్టలన్నీ మా పెరట్లోనే. అసలు పుంజులు గోడెక్కి ఏడుపు మొహాలేసుకుని చూడ్డం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడ్లు పొదిగితే ఒక్కో పిల్లకీ చెక్క ముక్కు!"

"కూర వండావా మరి?" అడిగాడు ఓట్మార్.

"పొయ్యి మీద పెడితే ఉడకలేదోయ్, పొయ్యిలో పెడితే భేషుగ్గా మండాయి! అదేం చూశావు? ఓరోజు నా పుంజు కూసింది. సూర్యుడు కంగారుపడి రెండు గంటలు ముందే పొడిచేశాడు. ఆవేళ మీరు పూజకి ఆలస్యమయ్యారు, గుర్తుందా ఫాదర్? తప్పు మీది కాదు, నా పుంజుది!"

బల్లంతా గొల్లుమంది.

"ఇప్పుడెక్కడుంది అది?" అడిగారు ఫాదరుగారు.

"కొండలు దాటి రోముకి ఎగిరిపోయింది!"

వాల్‌బుర్గా కింది గదిలోకి వెళ్లి, ఓ చెక్క పుంజుని తెచ్చి బల్ల మీద దభీమని పెట్టింది. తురాయి నుంచి తోకదాకా పగిలింది. వెనక తొలవకుండా వదిలేస్తే చెక్క ఆరేకొద్దీ అలాగే విచ్చుకుంటుంది.

"రెండేళ్లుగా నా తలుపుకి అడ్డం పెడుతున్నా. నీదే కదూ?"

కిలియాన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇది చూశాక పని ఎవరిస్తారు?

"నాది కాదు."

"కాళ్ల కింద నీ గుర్తుందిగా!" అన్నాడు ఓట్మార్.

"ఎవడో వేసుంటాడు. నాది కాదు."

"నిజం చెప్పు కిలియాన్," అన్నారు ఫాదరుగారు.

"ఒట్టు ఫాదర్, ఆ పుంజెవరో నేనెరగను!"

పెరట్లో వాల్‌బుర్గా పెంచే పుంజు, నిండు మధ్యాహ్నం వేళ, గొంతెత్తి కూసింది.

కిలియాన్ ఎన్నిసార్లు కాదన్నాడో అందరూ వేళ్లు లెక్కపెట్టుకున్నారు. మూడు! ఫాదరుగారికి నవ్వి నవ్వి కళ్లనీళ్లొచ్చాయి. కిలియాన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాదే ఫాదర్. తొందరపడి తొలవలేదు."

"పేతురు కూడా సరిగ్గా ఇక్కడే దొరికిపోయాడయ్యా! ఆయన పుంజుని నువ్వు కాక ఇంకెవరు చెక్కుతారు? రేపు ఉలి పట్టుకుని రా. ఈసారి వెనక తొలువు. కూయడం సంగతి వాల్‌బుర్గా పుంజు చూసుకుంటుంది."