చేపల బండికి బేస్

కొవ్వూరులో కారు స్టీరియోలు బిగించే షాపు ముందు పాత వ్యాను ఆగింది. రికార్డు చేసిన తన కేకను స్పీకర్లలో వేసుకుంటూ వీధివీధీ చేపలమ్మే ఆవిడ దిగి, తలుపు దడాలున వేసింది. షాపతను లేచాడు.

“నిన్న నా బండికి ఏం చేశావయ్యా?”

“సెట్టింగ్ మార్చానండి. క్రాసోవర్ పెట్టి, బేసంతా విడగొట్టి వెనక పెద్ద స్పీకరు, ఆ ఊఫర్‌కి ఇచ్చాను. ఈక్వలైజర్‌లో చెవికి గుచ్చే సౌండ్ తగ్గించాను. డ్రైవర్ సీట్లో కూర్చుని గంటసేపు విన్నానండి. సినిమా హాల్లో ఉన్నట్టే ఉంది.”

“డ్రైవర్ సీట్లో కూర్చుని చేపలెవరు కొంటారయ్యా?”

“అది కాదండి…”

“నా కేక గుచ్చాలి! మూడో అంతస్తులో టీవీ చూసుకునే ఆవిడ చెవిలో గుచ్చుకోవాలి. అప్పుడే గిన్నె పట్టుకుని దిగుద్ది. పొద్దుట్నించి ఆరు వీధులు తిరిగాను. ఒక్కరు దిగలేదు. ఐసంతా నీళ్ళయిపోయింది.”

“బేస్ అదిరిపోవాలని నిన్న బండి తెచ్చిన మీ అబ్బాయే అన్నాడండి.”

“వాడెప్పుడన్నా ఒక్క చేప అమ్మాడా? రోడ్డు దాటి ఆ మేడ కింద నిలబడు. రికార్డు పెడతాను.”

అతను వెళ్ళి, విని, తలొంచుకుని తిరిగొచ్చాడు.

“ఏం వినపడింది?”

“దబ్ దబ్ అని… గుండెల మీద కొట్టినట్టుందండి.”

“చందువా అన్నది వినపడిందా? పండుగప్ప అన్నది?”

“లేదండి.”

“అయితే వెనక తలుపు తియ్యి.”

అతను తీశాడు. వెంటనే ముక్కు మూసుకున్నాడు.

“మూసుకుంటావేం? అది కూడా తగ్గించవయ్యా, నీ ఈక్వలైజర్‌తో!”