అన్న ఇంట్లో వేరే డబ్బా

మేనకోడలికి పాలు కలుపుదామని వంటింటి అలమర తెరిచిన చెల్లెలు, డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పసిపిల్లల పాలపొడి ఫ్యాక్టరీలో పనిచేసే అన్న గుమ్మంలోకి వచ్చాడు.

“అన్నయ్యా, ఇది మీ కంపెనీది కాదుగా?”

“కాదు. పాపకి ఇదే పడింది.”

“మా వాడికి మాత్రం నెలనెలా మీదే తెచ్చిస్తున్నావు. వాడికి ఏది పడుతుందో ఎప్పుడైనా ఆలోచించావా?”

“అరవకు, పాప లేస్తుంది. ఇందులో ఉన్నది మామూలుగా పాలల్లో ఉండే చక్కెరే. మా దాంట్లో దాని బదులు మొక్కజొన్న పాకం పొడి కలుపుతారు.”

“కలిపితే?”

“రక్తంలోకి గబుక్కున ఎక్కుతుంది. అది తాగిన పిల్లలు కొందరు ముందుముందు బాగా ఒళ్లు చేస్తున్నారంటున్నారు. ఇంకా ఏదీ తేలలేదులే.”

“తేలేదాకా మా వాడు తాగాలి, మీ పాప ఆగాలి. అంతేగా?”

“అవేం మాటలే! వాడికేమైంది? గుండ్రాయిలా ఉన్నాడు. ఫొటో చూసి మా మేనేజరే ముచ్చటపడ్డాడు.”

“నేనూ మురిసిపోయాను. అంతా మా అన్నయ్య చలవేనని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.”

పక్కగదిలో పాప ఏడుపు అందుకుంది. ఆమె ఆ డబ్బాలోంచే పొడి కొలిచి వేసి, సీసా గిలకొట్టి అన్న చేతికిచ్చింది.

“పట్టు. దాని తప్పేముంది?”

“నీకూ ఇదే కొనిస్తానే, ఈ నెల నుంచి...”

“వద్దు. మీ డబ్బా మీద వేస్తారని మా వాడి ఫొటో పట్టుకెళ్లావే, అది తెచ్చిచ్చెయ్. నీ కూతురిది వేయించుకో.”