సూపర్‌వైజర్ చేసిన ముక్కుపొడి

రంగుల ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా టీ కొట్టు. మధ్యాహ్నం మేం నలుగురం థిన్నర్ ట్యాంకులోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి గోకాలి. దిగేముందు టీ తాగుతుంటే మా సూపర్‌వైజర్ చిన్న పెట్టె ఒకటి బల్లమీద పెట్టి మొదలెట్టాడు. ఆయన నోరు తెరిస్తే ఎదుటివాడి టీ చల్లారాల్సిందే.

"ఇది నేను చేసిందే. లోపల జింక్ ఆక్సైడ్ పొడి ఉంటుంది. దాన్ని వేడిగా ఉంచితే, థిన్నర్ ఆవిరి తగలగానే అందులో పారే కరెంటు మారి పెట్టె మీది ముల్లు లేస్తుంది. గొప్పేం కాదనుకోండి. కాకపోతే పొడి సన్నగా ఉండాలి. అందరూ నానో నానో అంటారు, వాళ్ల నానో నా ముందు కంకర. నేను నూరిన పొడి కళ్లద్దాలు పెట్టుకుంటే కనపడదు, తీసేస్తే అసలే కనపడదు."

"అంటే ముక్కుపొడి చేశారన్నమాట," అన్నాడు టీ కొట్టాయన.

"నవ్వుకోవయ్యా. మొదటిరోజు గదిలో ఆ మూల డబ్బా మూత తీస్తే ఈ మూల ముల్లు లేచింది. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టైపిస్టమ్మ గోళ్లరంగు తుడుచుకుంటోంది, మధ్యలో మూడు గోడలు, ముల్లు గిర్రున తిరిగింది. వెళ్లి, అమ్మా, ఎడమచేతి చిటికెనవేలు మిగిలిపోయింది చూసుకో అని చెప్పొచ్చాను."

"ఏ వేలో కూడా చెబుతుందా?" అన్నాడు మా పెద్దాయన. ట్యాంకులు కడిగేవాళ్లలో ఆయనే పెద్ద, పైగా సూపర్‌వైజర్‌కి స్వయానా అక్క మొగుడు.

"అడగాలేగానీ ఆవిడ చెప్పుల సైజు కూడా చెబుతుంది బావా. ఇదొక లెక్కా? సముద్రం మీద పళ్ల ఓడ వస్తోంది. ఓడ ఇంకా కనుచూపుమేరలో లేదు, రేవులో నా ముల్లు వంగి విల్లయిపోయింది. అడుగుబుట్టలో ఒక్క పండు మురుగుతోందని కప్తానుకి కబురు పెట్టాను. విప్పితే అదే బుట్ట, అదే పండు. కప్తాను ఏడ్చాడు. శాస్త్రవేత్తలొచ్చి పెట్టెకి దండం పెట్టబోతే, అటు కాదు నాయనా, ఇటు పెట్టండన్నాను. అంతెందుకు, మా పక్కింటాయన రేపు తాగబోయే సారా వాసన ఇవాళే పట్టేసింది. వాళ్లావిడ తిట్లు అడ్వాన్సుగా తిన్నాడు పాపం."

మాలో ఎవరూ నవ్వలేదు. ట్యాంకులో ఆవిరి పోయిందో లేదో పొద్దున ఆ పెట్టెతోనే చూశాడాయన. ముల్లు లేవలేదు గనక గాలి తోడే ఫ్యాను దండగ, నిక్షేపంగా దిగండన్నాడు. కిందటేడు ఇలాగే నిక్షేపంగా దిగినవాడు స్పృహ తప్పితే తాళ్లేసి పైకి లాగాం. వాడు ఇప్పటికీ రెండు మెట్లెక్కితే ఆయాసపడతాడు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"అయితే బావమరిదీ, ముందు నువ్వు దిగు. నీ వెనకాలే మేం."

సూపర్‌వైజర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మోకాలు నొప్పన్నాడు. ఆఫీసులో ఎవరో ఎదురుచూస్తున్నారన్నాడు. చివరికి ఆ నిచ్చెన తన బరువు ఆపదన్నాడు.

"ట్యాంకులో ఏముందో నీ పెట్టెకి తెలీలేదు గానీ, నీ కాళ్లకి తెలిసిపోయిందిరా," అన్నాడు పెద్దాయన. "నేను పోతే మీ అక్కకి నువ్వు చెప్పుకోవాలి జవాబు. వెళ్లి ఫ్యాను పట్రా."

ఫ్యాను సూపర్‌వైజరే మోసుకొచ్చాడు. గేటు నుంచి ట్యాంకు దాకా, దారిలో కనపడ్డ ఎవరికీ ఏమీ చెప్పలేదు.