పోస్టర్ మీద లేనివాడు

1983. నందిగామ బస్టాండు పక్క టీకొట్టు గోడ మీద రేపటి ప్రోగ్రాం పోస్టరు ఉంది. మూడు ఆర్కెస్ట్రాల్లో పేరుమోసిన నలుగురు కలిసి పెట్టిన కొత్త ఆర్కెస్ట్రా అది. జగ్గయ్యపేట వెళ్లి వస్తున్న పెద్దాయన ఆ నాలుగు ఫొటోలూ చూసి, బెంచీ మీద టీ తాగుతున్న యువకుడి వైపు తిరిగాడు.

“వీళ్లు నీకు తెలుసా అబ్బాయ్?”

“తెలుసండి. జిల్లా అంతటికీ తెలుసు.”

“అయిదోవాడున్నాడంటగా, భవానీప్రసాదని. అతని ఫొటో ఏదీ?”

“వెయ్యలేదండి. ఆయనతో ఏం పని?”

“మా అమ్మాయికి సంబంధం వచ్చింది. వాళ్లమ్మ బతికుంటే ఆడవాళ్లనడిగి అన్నీ రాబట్టేది. నాకు చేతకాదు. ఇంతకీ అతను చేసేదేంటి?”

“బేస్ గిటారండి. వెనకాల నిలబడి వాయిస్తాడు.”

“అది వినపడుద్దా?”

“విడిగా వినపడదండి. ఆపేస్తే మాత్రం పాడేవాళ్లు తడబడతారు.”

“తాగుతాడా?”

“సోడా తాగుతాడండి.”

“మనిషి ఎట్టాంటోడు?”

“గొప్పగా చెప్పుకోడానికేం లేదండి.”

గ్లాసు పట్టుకున్న అతని ఎడమచేతి వేళ్లు పెద్దాయన కంటబడ్డాయి. కొసలన్నీ కాయలు కాశాయి. పొలం పనికి అలా కొసలకే కాయవు.

“నీ గురించి నువ్వు ఇంకాస్త బాగా చెప్పుకోవచ్చుగా.”

యువకుడు గబుక్కున లేచి నిలబడ్డాడు.

“కూర్చో. పొద్దుటినించి మీ జగ్గయ్యపేటలో ఏడుగుర్ని అడిగా. ఆ నలుగురి భాగోతాలు అడక్కుండానే చెప్పారు. నీ పేరు మాత్రం ఏడుగురూ వినలేదన్నారు.”

“అయితే సంబంధం వద్దంటారా?”

“అంతకన్నా మంచిపేరు ఎక్కడ దొరుకుద్ది? ఆదివారం మీవాళ్లతో రా. సోడా సంగతి మాత్రం మళ్లీ కనుక్కుంటా.”