మెరవకూడని సీసా

ఆసుపత్రి వార్డులో కిటికీ పక్క మంచం మీద అక్క. ప్రయోగశాల నుంచి నేరుగా వచ్చిన తమ్ముడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"నసగకుండా చెప్పు. మీ ప్రయోగం ఆపేస్తున్నారా, లేదా?"

"ఆపేస్తున్నారని ఎవరన్నారు? రేపు మీటింగ్ ఉంది. అది అయ్యాక ఆపేస్తారు."

"అంటే ఆపేస్తున్నట్టేగా!"

"నువ్వన్నీ ముందే తేల్చేస్తావక్కా. కాఫీ తెమ్మంటావా?"

"కాఫీ సంగతి తర్వాత. నా గుండె రక్తనాళాలు ఇంకో ఆపరేషన్‌కి తట్టుకోవని పెద్ద డాక్టర్ చేతులెత్తేశారు. 'ఇక మీ తమ్ముడు పెంచే కణాలే దిక్కు' అన్నారు. ఇప్పుడా దిక్కు కూడా లేనట్టేనా?"

"లేనట్టే అనుకో. తప్పంతా నాదే. నేను పెంచిన కణాలు కదా, నా తెలివే వచ్చింది వాటికి."

"అంత పాపం ఏం చేశాయి?"

"పిలవని పేరంటానికి వెళ్ళాయి. రోగాలతో పోట్లాడే తెల్లకణాలు తీసుకుని వాటికి కొత్త పని నేర్పించామా? రక్తనాళం గోడ దెబ్బతింటే రక్తంలోకి ఒక జాడ వదులుతుంది. అది తగలగానే మన కణం మెరవాలి, వెళ్ళి ఆ గోడకి అతుక్కుని బాగుచెయ్యాలి. జబ్బు లేని రక్తంలో మాత్రం నోరు మూసుకుని ఊరుకోవాలి."

"ఇది వందసార్లు చెప్పావు. నా రక్తంలో మెరిశాయన్నావుగా?"

"జిగేల్‌మన్నాయి! జబ్బున్న వాళ్ళందరి రక్తం సీసాల్లోనూ మెరిశాయి. పోల్చి చూడ్డానికి పక్కన పెట్టిన ఆరోగ్యవంతుడి సీసాలోనూ మెరిశాయి. అదే కొంప ముంచింది. మంచి గోడకీ చెడ్డ గోడకీ తేడా తెలియని మేస్త్రిని ఇంట్లోకి ఎవరు రానిస్తారు?"

"ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది."

"నేనూ అలాగే అనుకుని సీసాలు మార్చాను, మందులు మార్చాను, యంత్రం మార్చాను. అచ్చిరాలేదేమోనని ఆఖరికి చొక్కా కూడా మార్చాను."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట, నీలాంటివాడే ఎవడో."

"నవ్వు, నవ్వు. ఇంత చదువు చదివి చొక్కాని అనుమానించిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను."

"మరి మనిషిని మార్చావా?"

"ఏ మనిషిని?"

"ఆ ఆరోగ్యవంతుణ్ణి."

"అతన్నెందుకు మార్చడం? నమ్మకమైనవాడు."

"ఎవరతను?"

"ఉన్నాడులే, మా దగ్గరే. ఎప్పుడడిగినా కాదనకుండా చెయ్యి చాస్తాడు."

"పేరు లేదా అతనికి?"

"ఎందుకక్కా ఈ ఆరాలు? కాఫీ..."

"ఒరేయ్!"

"నేనే. నేనే ఆ మహానుభావుణ్ణి. ప్రతిసారీ ఎవణ్ణో బతిమాలే ఓపిక లేక, నా రక్తం నేనే ఇచ్చేసుకున్నాను. చాలా?"

"నువ్వు ఆరోగ్యవంతుడివని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేమిటి? సిగరెట్ లేదు, మందు లేదు, పొట్ట కూడా చూడు, అంతగా లేదు."

"నాన్నకి మాత్రం ఏ అలవాటుంది? పేపరు చదువుతూ కుర్చీలోనే పోయాడు. నాకేం అలవాటుంది? ఇదిగో, ఇక్కడ పడి ఉన్నాను."

"నాది వేరక్కా."

"ఏం వేరు? మొన్న మా ఇంటి మెట్లెక్కి వచ్చి కాసేపు మాట్లాడలేకపోయావు. ఏంట్రా అంటే బూట్లు బరువన్నావు."

"బరువే మరి."

"ఎప్పుడైనా గుండె పరీక్ష చేయించుకున్నావా?"

"రోజూ ఎంతమందివి చూస్తుంటాను..."

"ఊళ్ళోవాళ్ళ సంగతి కాదు. నీది!"

"ఉండక్కా, ముందు కాఫీ తెచ్చేస్తాను."

"నిన్నేరా అడుగుతున్నాను."

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా. నా రక్తం పక్కన పెట్టి చూసి మీ అందరికీ జబ్బుందని తేల్చాను కానీ, నన్ను ఎవరి పక్కనా పెట్టి చూసుకోలేదు."

"ఏమయిందిరా? మొహం అలా పాలిపోయిందేం? చెయ్యి ఇటివ్వు. ఇంత చల్లగా ఉందేమిటి! రేపు ఆపేస్తే ఆపేయనీ, నా సంగతికేం, ఎలాగో ఒకలా..."

"రేపు ఎవరూ ఏమీ ఆపరక్కా. నువ్వు బతుకుతావు. నా కణాలు మొదటి రోజు నుంచీ నిజమే చెబుతున్నాయి... కొంచెం అటు జరుగు, నాకు భయమేస్తోంది, నేనూ పడుకుంటాను."