ఎండమావిలో ఏడో గది

అమెరికాలోని మొహావీ ఎడారిలో పాత హైవే మీద పోయేవారికి నిజం కన్నా నీడే ఎక్కువ అవసరం. ఆ సాయంత్రం లియోటా కాఫీ హోటల్లో నీడకు కొరత లేదు, కొరతంతా నిజానికే.

ఆమె తండ్రి స్వయంగా రంగులు వేసిన పెట్రోలు బంకు బోర్డును, దాని మీది ఎర్ర గుర్రాన్ని, రేపు పొద్దున కూల్చేస్తారు. ఫోటో తీసుకురమ్మని, రోజూ కాఫీకొచ్చే డెల్మర్‌ను నిన్న పంపింది. గోడకు మేకు కూడా కొట్టి ఉంచింది.

"తీశావా?" అంది, ఇప్పుడే వచ్చి కూర్చున్న అతనితో.

"ముందు ఎండ సంగతి విను లియోటా. దారిలో పాత సోడా బోర్డొకటి కనబడితే ఆగానా, కెమెరా ఎత్తేలోపు రంగులు కరిగి రోడ్డు మీదికి కారిపోయాయి. టోపీతో పట్టి, మళ్లీ బోర్డు మీద పోశాను. ఎక్కడివక్కడ అతుక్కున్నాయి."

"అక్షరాలతో సహానా?" అంది పక్క బల్ల దగ్గరి ఒఫీలియా. మలుపులోని మోటెల్ ఆవిడదే. పుట్టింటికి వెళ్లి ఇందాకే తిరిగొచ్చింది.

"ఒకటి వంకరపోయింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా ఎండమావి. అందులో పాతకాలం మోటెల్, నియాన్ దీపాలు, ఈతకొలను, అన్నీ తలకిందులుగా. ఇంకొకడైతే ఫోటో తీసుకుని పోతాడు. నేను కారు కూడా తలకిందులుగా నిలిపి గది తీసుకున్నాను."

"పెట్రోలు కారలేదా?" అంది ఒఫీలియా.

"కారింది, పైకి. కొలనులో దూకితే నేనూ పైకే పడ్డాను. ఒళ్లు తుడుచుకుంటూ చూద్దును కదా, గట్టున మీ నాన్న గుర్రం, బోర్డు దిగొచ్చి నీళ్లు తాగుతోంది. కాస్త నిలబడమంటే, 'లియోటా పంపిందా?' అనడిగింది."

లియోటా చేతిలోని గుడ్డ ఆగింది. అబద్ధమని తెలిసీ మనసు దాని గుమ్మం దగ్గరే ఎందుకు నిలబడిపోతుందో ఆమెకు అంతుపట్టలేదు.

"మరి ఫోటో?" అంది మెల్లగా.

"మీట నొక్కబోతుంటే పొద్దు వాలింది, ఎండమావి ఆరిపోయింది. నేను ఇసుకలో ఉన్నాను. సాక్ష్యానికి ఇది మిగిలింది."

ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల వేలాడుతున్న తాళంచెవిని బల్ల మీద పెట్టాడు. బిళ్ల మీద ఏడు అంకె. ఎండమావిలోంచి తాళంచెవి తెచ్చిన మొనగాడు తానొక్కడేనన్నట్టు వెనక్కి వాలాడు.

మరిచిపోయి పట్టుకుపోయినవాళ్లు ఏ పోస్టుపెట్టెలో వేసినా ఇంటికి చేరాలని, ఈ దారి మోటెళ్లు ఆ బిళ్లల వెనక చిరునామా అచ్చు వేయిస్తాయి. ఒఫీలియా బిళ్లను తిప్పి లియోటా ముందుకు జరిపింది. మలుపులోని మోటెల్ చిరునామా.

"ఏడో గదాయన నిన్నట్నుంచీ కూలరు కింద పడుకుని, ఇందాకే లేచి తాళంతో సహా పోయాడని మా ఆయన మొత్తుకుంటున్నాడు," అంది ఒఫీలియా. "తువ్వాలేది డెల్మర్? గుర్రం ఒళ్లు తుడుచుకుని పట్టుకుపోయిందా?"

డెల్మర్ ఖాళీ కప్పులోకి చూశాడు.

లియోటా ఆ మేకు వైపు చూసింది, తర్వాత కిటికీ వైపు. కొండ మీద ఇంకా జానెడు పొద్దుంది. బల్ల మీది అతని కెమెరా తీసి అతని మెడలోనే వేసింది.

"లే. కారు ఒఫీలియా నడుపుతుంది. నువ్వు నోరు మూసుకుని కూర్చో."

"దారిలో మళ్లీ ఎండమావి కనబడితే?"

"బోర్డు వచ్చేదాకా కళ్లు కూడా మూసుకో నాయనా."