ఉచ్చగుడ్డల డాక్టరమ్మ

ఏంటీ, పసిదాని మడమలో సూది గుచ్చి నెత్తురు పరీక్షకి తీయనివ్వొద్దందా మీ అత్త? మా వంశంలో ఏ రోగమూ లేదందా? ఇట్టా వచ్చి కూచో ఇందాయ్ తల్లీ, పిల్లని నా ఒళ్లో పెట్టు. సరిగ్గా ఇదే మాట మా అత్త కూడా అంది, ఇదే వాకిట్లో, డాక్టరమ్మ సలూద్ మొహం మీద. నీకు తెలీదులే, ఆ డాక్టరమ్మ నువ్వు పుట్టకముందే పోయింది. పొట్టి మనిషి, మగాళ్ల బూట్లు, చంకలో ఎప్పుడూ ఒక కాగితం చుట్ట. బకోలోద్ ఆసుపత్రి నుంచి వచ్చి మన చెరుకు తోటల్లో ఇల్లిల్లూ తిరిగేది. పురిట్లో ఎవరి బిడ్డలు పోయారు, ఎవరికి ఎవరేమవుతారు అని అడిగేది, ఆరేసిన పొత్తిగుడ్డలు వాసన చూసేది. జనం నవ్వరూ మరి? ఉచ్చగుడ్డల డాక్టరమ్మ అనేవాళ్లు. నేనూ నవ్వాను, పాపిష్టిదాన్ని.

నాకప్పటికి ఇద్దరు పోయారు. పదో రోజు దాటలేదు ఇద్దరూ. పాలు మానేసి, మెలికలు తిరిగి... సరేలే. "కడుపుతో ఉండి కుండలో బెల్లమంతా నాకావు, అదే బిడ్డల్ని తినేసింది" అని రోజూ పొడిచేది మా అత్త. నేనూ నమ్మాను. ఇద్దరూ చక్కెర మిల్లు ఆడే రోజుల్లోనే పుట్టారు. మిల్లాడితే ఊరంతా మాడిన పాకం వాసనే కదా, అన్నంలో, జుట్టులో, అంతటా. ఇంక గుడ్డల్లో వాసన ఎవరికి తెలుస్తుంది? మూడోవాడు మాత్రం మిల్లు మూసేశాక పుట్టాడు, పనుల్లేక ఉత్త గంజి తాగే నెలల్లో. ఐదో రోజు ఆవిడొచ్చి, తీగ మీది గుడ్డ లాగి ముక్కు దగ్గర పెట్టుకుని, "మిల్లు ఆగి రెండు నెలలైంది. ఈ పాకం వాసన ఎక్కడిదమ్మా?" అంది. ఉచ్చలో ఆ వాసనే జబ్బుకి గుర్తట.

మా అత్త ఊరుకుందా? "పెళ్లీ పెటాకులూ లేనిదానివి, నీకెందుకు? మా వంశం కడిగిన ముత్యం. తప్పంతా దీనిదే!" అని లేచింది. డాక్టరమ్మ చుట్ట విప్పి నేలమీద పరిచింది. అన్నీ సున్నాలూ గళ్లూ, ఆడోళ్లకి సున్నా, మగోళ్లకి గడి, పోయినవాళ్లకి అడ్డగీత. "పెద్దమ్మా, మీకు ముగ్గురు పోయారని పోయిన నెల మీరే చెప్పారు. ఇవిగో మూడు గీతలు. ఈమె పినతల్లికి ఒకటి. సగం మీ కొడుకు నెత్తురులోది, సగం ఈమె నెత్తురులోది, రెండూ కలిస్తేనే ఈ జబ్బు. బెల్లం ఏం చేసింది పాపం?" మా అత్త ఆ గీతలు వేలితో తడిమి తడిమి, ముగ్గురి పేర్లూ చెప్పింది. నేను ఆ పేర్లు వినడం అదే మొదలు.

పాలల్లో, మాంసంలో ఉండే సత్తువ వాడి ఒంటికి అరగదట, నా పాలే వాడికి విషమట. ఎంత ఏడ్చానో. ఆవిడే వాణ్ణి జీపులో ఆసుపత్రికి తీసుకుపోయింది, మనీలా నుంచి వేరే డబ్బా పాలపొడి తెప్పించింది, చెంచాతో కొలిచి పోసింది. బతికాడు. ఎవరనుకున్నావ్? పెళ్లిళ్లలో పంది మాంసం ముట్టడని మీరంతా ఏడిపిస్తారే, మీ మామయ్య దెల్ఫిన్! వాడే. ఆవిడ పోయినప్పుడు ఆసుపత్రోళ్లు పెద్ద పూలదండ తెచ్చారు. నేను ఉతికిన పొత్తిగుడ్డ ఒకటి ఆవిడ చేతుల్లో పెట్టాను. నవ్వినోళ్లు నవ్వారు, నాకేం?

అదిగో, మీ అత్త వస్తోంది. రానీ. బయట సూదితో నిలబడ్డ నర్సుని లోపలికి పిలువు. పిల్ల మేజోడు నేనే విప్పుతా.